క్రోమ్ మెరుగు: రుద్దే ముందు రంగు చూడండి
(మన సంఘం మాసిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కిందటి నెల ఇదే వేదిక మీద డాక్టరుగారు షుగరు జబ్బు గురించి చక్కగా చెప్పారు. ఈ నెల నన్ను తుప్పు గురించి మాట్లాడమన్నారు. రెండింటికీ కొంత పోలిక ఉంది. పైకి కనపడే సరికే లోపల చాలా పని జరిగిపోయి ఉంటుంది. రెండింటిలోనూ తొందరపాటు వైద్యం వల్ల నష్టం జరుగుతుంది. డాక్టరుగారి దగ్గర మందులున్నాయి. నా దగ్గర పాత బనీను గుడ్డలున్నాయి. అంతే తేడా.

మన వర్క్‌షాపులో ముప్ఫై రెండేళ్ళు పనిచేశాను. అందులో చాలా కాలం అంబాసిడర్లతోనే గడిచింది. ఆఫీసర్ల తెల్ల అంబాసిడరు మీలో ఎక్కనివారున్నా చూడనివారుండరు. ఇంగ్లండువారి మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడో సిరీసు ఆధారంగా కలకత్తా దగ్గర ఉత్తరపారాలో 1950ల చివర్లో మొదలైన ఆ కారు 2014 మే వరకు తయారైంది. బొంబాయి కుర్లాలో తయారైన ఫియట్, తర్వాత పద్మినిగా పేరు మారి, ముంబయి టాక్సీగా 2023 అక్టోబరు వరకు నడిచింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ లేకుండా పోయింది కనుక మన చేతుల మీదుగా తిరిగిన ఆఫీసు బళ్ళు ఇక కనపడవు. మిగిలినవి ఇళ్ళల్లో ఉన్నవే. మన సభ్యుల్లో కొందరి ఇళ్ళ ముందు ఇప్పటికీ ఒకటి రెండు ఉన్నాయని నాకు తెలుసు. ఈ మాటలు ముఖ్యంగా వారి కోసం.

పాత కారు విలువ కట్టడానికి వచ్చినవాడు ముందు బానెట్ ఎత్తడు. బంపరు మీద వేలు పెట్టి గీస్తాడు. గోధుమ రంగు పొడి వేలికి అంటితే "పాత ఇనుమే కదండీ" అంటాడు. ఆ ఒక్క మాటతో ధర సగానికి దిగుతుంది. అందుచేత బంపరు సంగతి సోకు కోసం చెప్పేది కాదు.

ముందు ఈ మెరుపేమిటో చూద్దాం. బంపరు ఉక్కు రేకు. దాని మీద నికెల్ పూత, నికెల్ మీద క్రోమియం పూత. కొన్నిటికి నికెల్ కింద రాగి పూత కూడా ఉంటుంది. మనం క్రోమ్ అనుకుని మురిసిపోయే మెరుపులో ఎక్కువ భాగం కింది నికెల్‌దే. అది సాధారణంగా పది నుంచి ముప్ఫై మైక్రాన్ల మందం ఉంటుంది. పైన ఉన్న క్రోమియం పావు మైక్రాను నుంచి అర మైక్రాను మాత్రమే. తల వెంట్రుక మందం సుమారు డెబ్భై మైక్రాన్లు. అంటే వెంట్రుకను నిలువునా నూట యాభై పొరలుగా చీల్చగలిగితే అందులో ఒక పొరంత. క్రోమియం ఎంతో గట్టి లోహమే. కాని అంత పలచని పొరను ఇటుక పొడితో తోమితే ఎన్నాళ్ళు ఉంటుంది?

నికెల్ ఒక్కటే ఉంటే గాలికి పసుపు తిరిగి మసకబారుతుంది. రోజూ తోమాలి. 1920లలో క్రోమియం పూత కార్ల మీదికి వచ్చాక ఆ బాధ తప్పింది. క్రోమియం గాలి తగలగానే కంటికి కనపడని ఆక్సైడు పొరను తన మీద తానే కప్పుకుంటుంది. ఆ పొరే దానికి రక్ష. ఈ లోహాన్ని 1797లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు వోక్లాఁ కనిపెట్టాడు. గ్రీకు భాషలో రంగు అనే మాట మీద దీనికి పేరు వచ్చింది. తనకు రంగు లేదు గాని దీని లవణాలన్నీ రంగులే. కెంపుకు ఎరుపు, పచ్చకు ఆకుపచ్చ ఇచ్చేది ఈ క్రోమియమే. మన దేశంలో దీని ఖనిజం దాదాపు అంతా ఒడిశాలోని సుకిందా లోయ నుంచి వస్తుంది.

ఇంత రక్ష ఉండగా తుప్పెలా వస్తుందని అడగవచ్చు. క్రోమియం పొరలో కంటికి ఆనని బీటలు, రంధ్రాలు ఉంటాయి. వాటిలోంచి తేమ, ఉప్పు నికెల్‌ను చేరతాయి. నికెల్‌కు కూడా రంధ్రం పడితే ఉక్కును చేరతాయి. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మన ఇళ్ళల్లో వాడిన జింకు పూత బకెట్టుకు గీత పడితే జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. నికెల్ స్వభావం దానికి విరుద్ధం. పూతకు చిల్లు పడ్డ చోట తాను క్షేమంగా ఉండి ఇనుమునే ముందు తినిపిస్తుంది. అందుకే బంపరు మీద ఆవగింజంత చుక్క కనపడితే దాని కింద పప్పు గింజంత గుంట ఉండవచ్చు. మన విశాఖపట్నంలో సముద్రపు గాలి ఉంది కనుక ఆ పని ఇంకా త్వరగా జరుగుతుంది.

కావున గుడ్డ పట్టుకునే ముందు కళ్ళజోడు పెట్టుకోండి. పగటి వెలుతురులో నీడపట్టున చూడండి. లేత నీలి ఛాయతో తెల్లగా మెరిస్తే క్రోమియం క్షేమంగా ఉన్నట్టు. కొద్దిగా పసుపు ఛాయ ఉంటే పైపూత అరిగి నికెల్ బయటపడినట్టు. ఎర్రగా కనపడితే రాగి దాకా అరిగినట్టు. గోధుమ రంగు చుక్కలుంటే ఇనుము తుప్పు పట్టినట్టు. నీలి ఛాయ ఉన్న చోట కడిగి మైనం పెడితే చాలు. గోధుమ చుక్కలున్న చోట మెల్లగా శుభ్రం చేయవచ్చు. పసుపు, ఎరుపు కనపడిన చోట పాలిష్ వేసి రుద్దిన కొద్దీ ఉన్నది కూడా పోతుంది. పోయిన పూతను ఏ పాలిషూ తిరిగి తేలేదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే నా ప్రసంగం మొత్తం గుర్తున్నట్టే.

మెరిసేదంతా క్రోమ్ కాదన్నది కూడా తెలియాలి. ఒక అయస్కాంతం ముక్క దగ్గర పెట్టుకోండి. బంపరుకు గట్టిగా అంటుకుంటే ఉక్కు. బానెట్ మీది అక్షరాలు, కొన్ని డోర్ హేండిళ్ళు, దీపాల గూళ్ళు అంటుకోకపోతే అవి తరచు జింకు పోత వస్తువులు. వాటికి తుప్పు రాదు గాని లోపల నుంచి పొక్కులు లేస్తాయి. పొక్కును గోకితే పూత పెచ్చుగా ఊడి వస్తుంది. వాటిని మెత్తటి సబ్బు నీళ్ళతో కడిగి వదిలేయాలి. తేలికగా, కాస్త మసక తెలుపుగా ఉన్న బీడింగు అల్యూమినియం కావచ్చు. దాని మీద సోడా గాని, క్రోమ్ పాలిష్ గాని పెట్టకూడదు.

ఇక పని క్రమం మనవి చేస్తాను.

మొదటిది కడగడం. ఎండ ఎక్కక ముందు, లోహం చల్లగా ఉన్నప్పుడు చేయాలి. పొడి గుడ్డతో దుమ్ము దులపవద్దు. ఇసుక రేణువులు గీతలు పెడతాయి. ముందు నీళ్ళు ధారగా పోసి, తర్వాత బకెట్టు నీళ్ళలో చెంచాడు షాంపూ కలిపి మెత్తటి గుడ్డతో తుడవాలి. సందుల్లోకి పాత పళ్ళ బ్రష్షు చాలు. బోరు నీళ్ళు ఆరితే తెల్లటి మచ్చలు పడతాయి కనుక కడిగిన వెంటనే తుడిచేయాలి. తారు మరకలుంటే గుడ్డకు కొద్దిగా కిరసనాయిలు అద్ది తీయవచ్చు. రబ్బరుకు, పెయింటుకు తగలనీయకండి. దగ్గర్లో బీడీ, సిగరెట్టు ఉండకూడదు. మానేశామని ఇంట్లో చెప్పినవారికి కూడా ఇది వర్తిస్తుంది.

రెండోది తుప్పు చుక్కలు. వంటింట్లో చపాతీలు చుట్టే అల్యూమినియం రేకును అరచేతిలో పట్టేంత ఉండ చేసి నీళ్ళలో ముంచి, బంపరు పొడవు వెంబడి తేలికగా రుద్దండి. అల్యూమినియం క్రోమియం కన్నా మెత్తన. పైకి పొంగిన తుప్పును ఎత్తుతుంది, క్రోమ్‌కు హాని తక్కువ. నల్లటి బురద వస్తుంది. అప్పుడప్పుడు తుడిచి చూస్తూ ఉండాలి. ముందు బంపరు కింది అంచున, ఎవరికీ కనపడని చోట అంగుళం మేర చేసి చూసుకుని తర్వాత ముందుకు రండి. ఉక్కు పీచు వద్దంటాను. దాని తునకలు సందుల్లో ఇరుక్కుని అవే మళ్ళీ తుప్పు పడతాయి. తప్పదనుకుంటే ఇత్తడి పీచు మేలు.

మూడోది పాలిష్. క్రోమ్ కోసమే అమ్మే పేస్టు శనగగింజంత తీసుకుని జానెడు మేరకు రాసి, నొక్కకుండా రుద్ది, ఆరక ముందే తుడిచేయాలి. గుడ్డ పాత బనీనుదైతే మంచిది. గుండీలున్న చొక్కా గుడ్డ వద్దు. ఏడాదికి రెండు సార్లకు మించి పాలిష్ అక్కర లేదు.

నాలుగోది మైనం. నిజమైన రక్షణ ఇదే. కారు పెయింటుకు వాడే మైనపు పాలిష్ పలచగా ఒక పూత, అది ఆరాక మరో పూత. తుప్పు తీసిన గుంటలన్నిటిలోకీ మైనం దిగాలి. గాలి, తేమ అక్కడికి చేరకపోతే తుప్పు ముందుకు సాగదు. సముద్రానికి దగ్గరున్నవారు నెలకోసారి, తక్కినవారు మూడు నెలలకోసారి చేస్తే చాలు. వానాకాలమంతా బండి తీయనివారు వేసలీను పలచగా రాసి ఉంచుకోవచ్చు.

అయిదోది ఎవరూ చేయనిది, అందరూ చేయవలసినది. బంపరు వెనక వైపు చూడండి. ప్లేటింగు తొట్టిలో క్రోమియం ముందు భాగానికి పట్టినట్టు మూలలకు, వెనకకు పట్టదు. అక్కడ చక్రాలు విసిరిన బురద పేరుకుని నెలల తరబడి తడిగా ఉంటుంది. తుప్పు అక్కడే పుట్టి ముందుకు వస్తుంది. బురద తీసి, తుప్పు గీకి, ఆరనిచ్చి, రెడాక్సైడు ప్రైమరు వేసి, పైన పెయింటు వేయాలి. ఇది చేసిన బంపరు చేయని బంపరు కన్నా ఎన్నో వానాకాలాలు ఎక్కువ చూస్తుంది. బండి మీద ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ పట్టి అదే శత్రువవుతుంది. గాలి ఆడే నూలు కవరు వాడండి.

ఇప్పుడు మా అమ్మమ్మల నాటి చిట్కాల మాట. చింతపండు, ఉప్పు, నిమ్మచెక్క ఇత్తడి బిందెలకు మంచివే. క్రోమ్ మీద మాత్రం ఆ పులుపు, ఉప్పు రంధ్రాల్లో దిగి తుప్పును పిలుస్తాయి. బూడిద, ఇటుక పొడి, పూజా సామాను తోమే పొడి పనికిరావు. అన్నిటికన్నా ప్రమాదం బాత్‌రూం కడిగే యాసిడ్. అది క్రోమియాన్నే కరిగించేస్తుంది. నిమిషంలో తళతళలాడుతుంది, వారంలో నల్లబడుతుంది.

మన వయసు సంగతి కూడా చెప్పాలి. నేల మీద గొంతుక్కూర్చోవద్దు. ఎత్తు పీట వేసుకోండి. టిఫిను చేయకుండా, మాత్రలు వేసుకోకుండా మొదలుపెట్టవద్దు. పాత బీడింగు అంచులు బ్లేడులా కోస్తాయి కనుక షుగరు ఉన్నవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు తొడుగులు వేసుకోవాలి. కాళ్ళకు చెప్పులుండాలి. చక్రం కింద రాయి పెట్టండి. అరగంటకోసారి లేచి నడవండి. బంపరుకు విడి భాగాలు దొరుకుతాయి, మోకాలి చిప్పకు దొరికినా ఖర్చెక్కువ.

ఇంతవరకు చెప్పినది పద్ధతి. ఒక ఇంటి సంగతి చెబితే దాని అవసరం తెలుస్తుంది. మన సభ్యులే, నాకు అన్నగారి వంటి మిత్రులు, కొంత కాలం కిందట కాలం చేశారు. వారి ఇంట 1971 నాటి మార్క్ టూ అంబాసిడరు ఉంది. సంవత్సరీకాలయ్యాక వదినగారు నాకు కబురు చేశారు. ఎవరో వచ్చి పాత ఇనుము ధర చెప్పారట. హైదరాబాదులో ఉన్న అబ్బాయి, "అమ్మా, ఇచ్చేద్దాం, లేదా మొత్తం ఊడదీసి కొత్తగా ప్లేటింగు చేయిద్దాం" అన్నాడట. "మరిదిగారూ, మీరొకసారి చూసి ఉన్నమాట చెప్పండి. నా ముఖం చూసి చెప్పకండి" అన్నారు వదినగారు.

అబ్బాయి సెలవు పెట్టి వచ్చాడు. మూడు ఆదివారాలు ఇద్దరం కూర్చున్నాం. ముందు బంపరు చూడ్డానికి ఘోరంగా ఉన్నా తుప్పు చాలా వరకు పైపైనే. అల్యూమినియం రేకుతో, మైనంతో నిలబడింది. దగ్గరికి వెళితే గుంటలు కనపడతాయి, పది అడుగుల దూరం నుంచి కనపడవు. వెనక బంపరు సంగతి వేరు. లోపలి నుంచి తిన్న తుప్పు ఒక మూల అవతలికి చిల్లు పెట్టింది. దానికి మెరుగు పెట్టడం అనవసరమని, అతుకు వేసి మళ్ళీ ప్లేటింగు చేయించడమో, మంచి పాత బంపరు వెతకడమో చేయాలని చెప్పాను. ఉన్నమాట చెప్పమన్నారు గనుక చెప్పాను.

తర్వాత డ్రైవరు వైపు డోర్ హేండిలు. బొటనవేలు పడే చోట నీలి ఛాయ పోయి పసుపు, ఆ పసుపు మధ్యలో గోరంత ఎరుపు. జింకు పోతకు ముందు రాగి వేయక తప్పదు కనుక ఆ ఎరుపు రాగిది. దుమ్ము వల్లనో వాన వల్లనో వచ్చిన అరుగుదల కాదది. ఒకే మనిషి చెయ్యి ఏళ్ళ తరబడి పడితే వచ్చినది. అబ్బాయి దాన్ని ప్లేటింగుకు ఇచ్చే వస్తువుల్లో రాసుకున్నాడు. నేను రంగుల సంగతి వివరించాను. వాళ్ళమ్మగారు దగ్గరికి వచ్చి ఆ చోట వేలు పెట్టి చూశారు. ఏమీ అనలేదు. అబ్బాయి జాబితాలో ఆ వరుస కొట్టేశాడు. హేండిలుకు మైనం మాత్రం పెట్టాం. వెనక బంపరు ఒక్కటే ప్లేటింగుకు వెళ్ళింది. కారు అమ్మలేదు.

అబ్బాయి అనుకున్నట్టు మొత్తం ఊడదీయడం మంచిది కాదనడానికి మరో కారణం ఉంది. యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడని వ్యక్తిగత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021 జూలైలో వచ్చాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్ళ తర్వాత పొడిగింపుకు 5,000 రూపాయలు రుసుముగా పెట్టారు. చాసీ, బాడీ, ఇంజను మార్చిన బండికి అది చిక్కు. ఆ రిజిస్ట్రేషన్ తీసుకుంటే ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీ తిరగడానికి వాడకూడదు. కూరగాయలకు కూడా దాని మీదే వెళ్ళేవారు మామూలుగా పదిహేనేళ్ళ తర్వాత చేయించే రెన్యువలే కొనసాగించుకోవడం మేలు. దరఖాస్తు పెట్టే ముందు రవాణా శాఖ కార్యాలయంలో ప్రస్తుత రుసుములు కనుక్కోండి.

ప్లేటింగుకు ఇచ్చేవారికి రెండు మాటలు. పాత పూత తీసి, గుంటలు పూడ్చి, రాగి, నికెల్, క్రోమియం మూడూ వేస్తారా అని అడగండి. పలచని నికెల్ మీద నామకార్థం క్రోమ్ వేసినది ఒక్క వానాకాలానికే చుక్కలు పడుతుంది. ఇచ్చే ప్రతి వస్తువుకూ ఫోటో తీసి, లెక్క రాయించుకుని రశీదు తీసుకోండి. రెండోది, ఈ పని ఇంట్లో చేయడానికి ఎవరినీ ప్రోత్సహించకండి. మనవలు ఫోనులో చూసి బ్యాటరీ చార్జరుతో, తొట్టిలో పూత తీస్తామంటారు. మెరిసే క్రోమ్ లోహం హాని చేయదు గాని ప్లేటింగు ద్రావణంలోను, అలా పూత తీసిన నీళ్ళలోను ఉండే షట్సంయోజక క్రోమియం కాన్సరు కలిగించేదిగా రుజువైంది. పాత ప్లేటింగు షెడ్లలో పనిచేసినవారికి ముక్కు దూలానికి చిల్లులు పడ్డ సంగతి వైద్య గ్రంథాల్లో ఉంది. మన బంపరు మెరుపు కోసం ఎవరో ఆ పొగ పీలుస్తున్నారు. గాలి తోడే యంత్రాలు, వాడిన నీటిని శుద్ధి చేసే ఏర్పాటు ఉన్న చోటే ఇవ్వండి. నాలుగు రూపాయలు ఎక్కువైనా ఫరవాలేదు. ఉన్న పూతను కాపాడుకుంటే ఆ తొట్టిలో ముంచే వస్తువు ఒకటి తగ్గుతుంది. మెరుగు పెట్టడం కన్నా మైనం పెట్టడం మేలని నేను పదే పదే అనడానికి ఇదీ కారణమే.

ఇంటి ముందు పాత బండి ఉన్న సభ్యులు అయస్కాంతం ముక్క, అల్యూమినియం రేకు, బనీను గుడ్డ తీసుకుని ఒక ఆదివారం ఉదయం బయటికి రండి. పిల్లలను, మనవలను పక్కన కూర్చోబెట్టుకుని ఏ రంగు దేనిదో చూపించండి. ఏది ఆగుతుందో, ఏది ఆగదో, ఏది ముట్టుకోకుండా వదలాలో తెలిసినవారు పక్కనుంటే ఆ బండి గురించి రేపు నిర్ణయం తీసుకోవలసిన వాళ్ళకు వేలితో గీసి ధర చెప్పేవాడి మాట ఒక్కటే దిక్కు కాకుండా ఉంటుంది. సందేహాలున్నవారు సమావేశం అయ్యాక టీ దగ్గర అడగండి. తెలిసినంత చెబుతాను.